రాజీనామా సంగతి తర్వాత, ముందు నెలఖర్చు

కొండాపూర్‌లోనో మియాపూర్‌లోనో 80 లక్షల హోమ్ లోన్‌తో ఫ్లాట్ కొన్న ప్రోగ్రామర్ లెక్క చూద్దాం. వడ్డీ ఎనిమిదిన్నర శాతం, గడువు 20 ఏళ్లు అనుకుంటే ఈఎంఐ నెలకి 69,400 రూపాయల పైచిలుకు. గడువు పూర్తయ్యేసరికి బ్యాంకుకి కట్టింది కోటీ 66 లక్షలు దాటుతుంది. అతని చేతికి నెలకి లక్షన్నర వస్తున్నా, జీతం పడిన వారంలోపే దాదాపు సగం వెళ్లిపోతుంది. మిగతాదాంట్లో అపార్ట్‌మెంట్ మెయింటెనెన్స్, కారు లోన్, స్కూలు ఫీజు, ఊళ్లో అమ్మానాన్నలకి పంపేది, శని ఆదివారాల ఖర్చు. నెలాఖరుకి పదిహేను వేలు మిగిలితే ఆ నెల బాగా గడిచినట్టే.

ఇలాంటి స్నేహితుడు "ఇక చాలు, ఉద్యోగం మానేసి ఫ్రీలాన్సింగ్ చేసుకుంటా, ఊరెళ్లిపోతా" అంటే చుట్టూ ఉన్నవాళ్లు ధైర్యం గురించి మాట్లాడతారు. ధైర్యం ఉంటే దూకెయ్ అని కొందరు, పిల్లలున్నారు జాగ్రత్త అని కొందరు. నెలకి ఎంత ఖర్చవుతోందని మాత్రం ఎవరూ అడగరు. నా దృష్టిలో మొదట అడగాల్సింది అదే. ఉద్యోగంలో ఉండాలా, మానేయాలా అన్నదానికి జవాబు మూడొంతులు అక్కడే తేలిపోతుంది.

లెక్క చాలా చిన్నది. లక్షన్నర సంపాదించి లక్షా ముప్పై ఐదు వేలు ఖర్చు పెట్టేవాళ్లు ఒక్క నెల ఖర్చు వెనకేసుకోవాలంటే తొమ్మిది నెలలు పనిచేయాలి. అదే జీతంతో 75 వేలలో బతికేవాళ్లు నెల పనిచేస్తే మరో నెల చేతిలో ఉంటుంది. 50 వేలలో బతికితే నెల పనికి రెండు నెలలు. ముగ్గురిదీ ఒకే ప్యాకేజీ, ఒకే టీమ్, ఒకే మేనేజర్ అనుకోండి. ఆదివారం కూడా లాగిన్ అవ్వమన్నప్పుడు కుదరదు అని చెప్పగలిగేది మాత్రం ఆ మూడో మనిషే. జీతం ఎంత పెరిగినా ఖర్చు దాని వెంటే పెరుగుతూ పోతే ఆ మాట ఎప్పటికీ నోటికి రాదు. హైక్ వచ్చిన ప్రతిసారీ ఇంకాస్త పెద్ద ఫ్లాటో, ఇంకాస్త పెద్ద స్కూలో వచ్చి పడుతుంది. వచ్చాక అది ఇక తగ్గదు.

నేనూ ప్రోగ్రామర్‌నే. కొన్నేళ్ల క్రితం హైదరాబాద్ వదిలి కుటుంబంతో రాజమండ్రి వచ్చాను. మోరంపూడి వైపు రెండు బెడ్‌రూముల ఇల్లు, అద్దె 11,000. పాలు, కూరగాయలు, సరుకులు కలిపి 14,000. పాప స్కూలు ఫీజు నెల లెక్కన చూస్తే 6,000. కరెంటు, ఇంటర్నెట్, ఫోన్లు 4,000. మా ముగ్గురికీ, మా అమ్మానాన్నలకీ కలిపి ఆరోగ్య బీమా ప్రీమియం నెలకి 7,000 పడుతుంది. పెట్రోలు రెండున్నర వేలు. పండగలు, ప్రయాణాలు, పెళ్లిళ్లకి చదివింపులు, అన్నీ కలిపి 8,000. మొత్తం 53,000 లోపు. హైదరాబాద్‌లో ఇదే ముగ్గురం ఇంతకంటే గొప్పగా ఏమీ బతకలేదు, కానీ నెలకి లక్షా ఇరవై వేలయ్యేది. ఏడాది ఖర్చు చేతిలో ఉంచుకోవాలంటే అక్కడ 14 లక్షల 40 వేలు కావాలి, ఇక్కడ ఆరు లక్షల చిల్లర చాలు.

ఈ లెక్కలో కనపడనిది ఒకటుంది, అది కూడా చెప్పాలి. బియ్యం మా ఊరి నుంచి వస్తాయి. కొనుక్కుంటే నెలకి ఇంకో రెండు వేలవుతుంది. మా నాన్నకి సొంత ఇల్లుంది కాబట్టి ఆయన అద్దె నేను కట్టక్కర్లేదు. తక్కువ ఖర్చుతో బతుకుతున్నామని చెప్పేవాళ్లలో చాలామంది వెనక ఇలాంటి ఆసరా ఏదో ఒకటి ఉంటుంది. తాతల నాటి ఇల్లు, రెండెకరాల పొలం, భార్య ప్రభుత్వోద్యోగం, వండిపెట్టే అమ్మ. అవి ఉండటం తప్పేమీ కాదు. వాటిని లెక్కలో వేయకుండా "అందరూ ఇలా బతకొచ్చు" అని చెప్పడం మాత్రం తప్పు. ఎడ్యుకేషన్ లోన్ తీరని వాళ్లకి, చెల్లెలి పెళ్లి బాధ్యత మీద ఉన్నవాళ్లకి, ఇంట్లో మొదటి జీతం తమదే అయినవాళ్లకి ఉద్యోగం మానేయమని సలహా ఇచ్చే హక్కు ఎవరికీ లేదు. 1998లో సైబర్ టవర్స్ తెరిచినప్పటి నుంచి ఎన్ని కూలీల ఇళ్లు, ఎన్ని చిన్న రైతుల ఇళ్లు ఈ ఉద్యోగాలతో పైకొచ్చాయో మన కళ్ల ముందే ఉంది. అమీర్‌పేట హాస్టళ్లలో ఒక్క గదిలో నలుగురు పడుకుని జావా నేర్చుకున్న తరం అది. వాళ్లకి నెల నెలా పడే జీతం స్వేచ్ఛకి అడ్డు కాదు. స్వేచ్ఛ మొదలైందే దానితో.

ఇందులో ఆడవాళ్ల సంగతి ఇంకా లోతైనది. మా పెద్దమ్మ కూతురు గచ్చిబౌలిలో టెస్టింగ్ లీడ్‌గా చేస్తుంది. అత్తగారిది తణుకు దగ్గర పల్లెటూరు. రాజమండ్రిలో మా ఖర్చు ఎంతో విని ఒకసారి అంది: "అన్నయ్యా, నీకు అక్కడికి వెళ్తే ఖర్చు తగ్గింది. నేనొస్తే నాకు పెరుగుతుంది. డబ్బు గురించి కాదు నేననేది."

ఆ తర్వాత విడమర్చి చెప్పింది. గచ్చిబౌలిలో రాత్రి పదింటికి క్యాబ్ దిగితే ఎవరూ అడగరు. వంటకి మనిషిని పెట్టుకుంటే ఎవరూ ఏమీ అనరు. ఊళ్లో అలా కాదు. పొద్దున్నే లాప్‌టాప్ ముందు కూర్చుంటే ఇంట్లోనే ఉందిగా అనుకుంటారు. గ్యాస్ బండి వచ్చినా, చుట్టాలొచ్చినా, మామగారికి మందులు తేవాలన్నా లేవాల్సింది తనే. కాల్‌లో ఉన్నానంటే మొహం ముడుచుకుంటారు. వర్క్ ఫ్రమ్ హోమ్ రోజుల్లో కొన్నాళ్లు అక్కడ ఉండి చూసింది కాబట్టే అంత ఖచ్చితంగా చెప్పగలిగింది. ఆఫీసు దూరమే తనకి దక్కిన ఖాళీ.

నేను దీనికి ఎదురు చెప్పలేను. ఊరికి మారడం గురించి రాసేవాళ్లం ఎక్కువగా మగవాళ్లం. ప్రశాంతత గురించి, గోదావరి గట్టు గురించి, పొద్దున్నే దొరికే తాజా కూరగాయల గురించి రాస్తాం. ఆ కూరగాయలు ఎవరు తరుగుతున్నారో రాయం. అందుకే మా ఇంట్లో ఒక పద్ధతి పెట్టుకున్నాం. పని గంటలు తగ్గించుకున్నది నేను, కాబట్టి పొద్దుటి వంట నాది, పాప స్కూలు నాది, మా అమ్మానాన్నల ఆసుపత్రి పనులు నావి. నా భార్య ఆన్‌లైన్‌లో అకౌంట్స్ పని చేస్తుంది. ఆమె గది తలుపు వేసి ఉంటే చుట్టాలొచ్చినా కాఫీ పెట్టేది నేనే. చూసేవాళ్లకి మొదట్లో వింతగా ఉండేది, ఇప్పుడు అలవాటైంది. మగవాడు ఉద్యోగం మానేసి ఇంటికొచ్చి, తను మిగుల్చుకున్న సమయం ఖరీదంతా ఇంట్లో ఆడవాళ్ల మీద వేస్తే, దాన్ని తక్కువ ఖర్చు జీవితం అనకూడదు. ఆ ఖర్చు ఇంకొకరు కడుతున్నారు.

ఇక ఆన్‌లైన్‌లో తిరిగే ఇంకో మాట, ముందస్తు రిటైర్మెంట్. ఏడాది ఖర్చుకి 25 రెట్లు కూడబెడితే ఇక జీవితాంతం పని చేయక్కర్లేదు అంటారు. దీని మూలం అమెరికాలో ఉంది. 1994లో విలియం బెంగెన్ అనే ఫైనాన్షియల్ ప్లానర్ అక్కడి షేర్లు, బాండ్ల పాత లెక్కలన్నీ తిరగేశాడు. రిటైరైన మొదటి ఏడాది పొదుపులోంచి నాలుగు శాతం తీసుకుని, ఆపైన ధరలు పెరిగినంత మేరకే పెంచుకుంటూ వెళ్తే 30 ఏళ్ల పాటు డబ్బు సరిపోతుందని తేల్చాడు. నాలుగు శాతం అంటే పొదుపులో ఇరవై ఐదో వంతు, 25 రెట్లు అన్నది అక్కడి నుంచే వచ్చింది. అది 65 ఏళ్ల అమెరికన్ కోసం వేసిన లెక్క. దాన్ని 38 ఏళ్ల తెలుగు ప్రోగ్రామర్‌కి అలాగే అంటగట్టడం ప్రమాదం. ఇతనికి ముందున్నది 30 ఏళ్లు కాదు, యాభై. అక్కడి ఫెడరల్ రిజర్వ్ ధరల పెరుగుదలని రెండు శాతం దగ్గర ఉంచాలని చూస్తుంది, మన రిజర్వ్ బ్యాంక్ లక్ష్యమే నాలుగు శాతం. ఆసుపత్రి బిల్లులు, కాలేజీ ఫీజులు ఆ సగటు దగ్గర ఆగవని ఇంట్లో ఎవరిని అడిగినా చెబుతారు. నా నెలఖర్చుకి 25 రెట్ల లెక్క వేస్తే కోటీ 59 లక్షలొస్తుంది. అంత ఉన్నా దాని మీద భరోసాతో నేను పని మానేయను.

నేను సమర్థించేది వేరు: తక్కువ పని. ఏడాదిలో ఆరేడు నెలలు కాంట్రాక్ట్ మీద గట్టిగా పనిచేయడం, మిగతా నెలలు మన చేతిలో ఉంచుకోవడం. దీనికి కోటిన్నర అక్కర్లేదు. రెండేళ్ల ఖర్చు బ్యాంకులో, తక్కువ నెలఖర్చు, మన పని నచ్చిన ఇద్దరు ముగ్గురు క్లయింట్లు ఉంటే మొదలుపెట్టొచ్చు. డాక్టరుకైనా మెకానిక్‌కైనా తన చోటు, తన సరంజామా కావాలి. మనకి ఒక మంచి లాప్‌టాప్, ఇన్వర్టర్, రెండు వేర్వేరు కంపెనీల ఇంటర్నెట్ కనెక్షన్లు చాలు. 2017 డిసెంబరులో ఏపీ ఫైబర్‌నెట్ నెలకి 149 రూపాయలకి మొదలైనప్పుడు పల్లెల్లో కూడా ఈ మాట అనగలిగే రోజు వచ్చింది. వానాకాలంలో కేబుల్ తెగితే రెండ్రోజులు ఎవరూ రారు, అందుకే రెండో కనెక్షన్ తప్పనిసరి. క్లయింట్ హైదరాబాద్ రమ్మంటే 2023 నుంచి వందే భారత్ ఉంది, ఆరేడు గంటల్లో సికింద్రాబాద్.

పన్ను విషయంలో కూడా సొంతంగా పనిచేసేవాళ్లకి కొంత వెసులుబాటు ఉంది. 44ఏడీఏ అని అందరూ పిలిచే పద్ధతిలో, వృత్తి మీద వచ్చిన మొత్తంలో సగాన్ని ఆదాయంగా చూపిస్తే చాలు, ఖర్చుల రసీదులు దాచుకుంటూ కూర్చోనక్కర్లేదు. వసూళ్లు దాదాపు అన్నీ బ్యాంకు ద్వారా వస్తే 75 లక్షల వరకూ ఇది వర్తిస్తుంది. ఏడాదికి 18 లక్షలొస్తే లెక్కలోకి వచ్చేది తొమ్మిది లక్షలు. 2025-26 ఆర్థిక సంవత్సరం నుంచి కొత్త పన్ను విధానంలో 12 లక్షల లోపు ఆదాయానికి పన్ను లేదు. వసూళ్లు 20 లక్షలు దాటితే జీఎస్టీ రిజిస్ట్రేషన్ కావాలి. మన పని ఈ పద్ధతి కిందికి వస్తుందా రాదా అన్నది ఆడిటర్ చూసి చెప్పాలి, దాని కోసం ఏడాదికి నాలుగైదు వేలు ఇవ్వడానికి వెనకాడొద్దు.

ఉద్యోగం వదిలితే పోయేవి కూడా ఇంతే స్పష్టంగా రాసుకోవాలి. కంపెనీ వేసే పీఎఫ్ వాటా ఆగిపోతుంది, గ్రాట్యుటీ పెరగడం ఆగిపోతుంది. అన్నిటికంటే పెద్ద నష్టం గ్రూప్ ఇన్సూరెన్స్. షుగరు, బీపీ ఉన్న అమ్మానాన్నలని చాలా కంపెనీల పాలసీల్లో మొదటి రోజు నుంచే చేర్చుకుంటారు. బయట సొంతంగా పాలసీ తీసుకుంటే ముందు నుంచి ఉన్న జబ్బులకి మూడేళ్ల దాకా ఎదురుచూడాల్సి రావచ్చు, పైగా అరవై దాటిన వాళ్ల ప్రీమియం భారీగా ఉంటుంది. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత ఆరోగ్య బీమా మీద జీఎస్టీ తీసేశారు, అది కాస్త ఊరట. కాబట్టి రాజీనామా ఆలోచన ఉన్నవాళ్లెవరైనా ఉద్యోగంలో ఉండగానే, మూడు నాలుగేళ్ల ముందే, అమ్మానాన్నల పేరు మీద విడిగా పాలసీ తీసుకోవాలి. ఎదురుచూసే కాలం ఉద్యోగంలో ఉండగానే గడిచిపోతుంది. ఈ వ్యాసంలో ఒక్క సలహానే గుర్తుంచుకుంటామంటే దీన్ని గుర్తుంచుకోండి.

కాలేజీ నుంచి బయటికొచ్చిన పిల్లలు కూడా నన్ను ఇదే అడుగుతున్నారు. నేరుగా ఫ్రీలాన్సింగ్‌లోకి వచ్చేస్తే ఎలా ఉంటుందని. వద్దంటాను. పెద్ద కంపెనీల్లో ఫ్రెషర్ ప్యాకేజీ పదేళ్లకి పైగా మూడు, నాలుగు లక్షల మధ్యే తిరుగుతోందని నాకూ తెలుసు, దాని మీద నాకు కోపం కూడా ఉంది. అద్దెలు రెట్టింపయ్యాయి, ఆ అంకె కదల్లేదు. అయినా మొదటి ఐదారేళ్లు టీమ్‌లో ఉండాలి. రాసిన కోడ్‌ని మరో సీనియర్ చదివి తిప్పి పంపడం, అర్ధరాత్రి ప్రొడక్షన్ (జనం వాడుతున్న అసలు సిస్టమ్) పడిపోయినప్పుడు లాగ్స్ (సిస్టమ్‌లో ఏం జరిగిందో నమోదయ్యే చిట్టా) ఎక్కడ నుంచి చూడాలో పక్కన కూర్చుని నేర్చుకోవడం, ఇవి ఒంటరిగా గదిలో రావు. ఆ ఐదారేళ్లూ హాస్టల్ ఖర్చుకి దగ్గరగా బతికి, కారు జోలికి వెళ్లకుండా ఉంటే ముప్పై ఏళ్లకల్లా ఎటు వెళ్లాలో నిర్ణయించుకునే అవకాశం చేతిలో ఉంటుంది.

ఉద్యోగమే భద్రం అనే మాట కూడా ఇదివరకటి అంత గట్టిగా లేదు. 2025 జులైలో టీసీఎస్ తన సిబ్బందిలో రెండు శాతం మందిని, అంటే 12,000 మందికి పైగా, తగ్గిస్తున్నట్టు ప్రకటించింది. అందులో ఎక్కువ మంది మధ్య, పై స్థాయి వాళ్లని చెప్పింది. నలభై దాటి, ఈఎంఐలు నడి మధ్యలో ఉండే వయసు అది. ఏఐతో కోడ్ రాయించడం మొదలయ్యాక ఐదుగురి పని ఇద్దరితో చేయించొచ్చు అనే లెక్క ప్రతి కంపెనీలోనూ నడుస్తోంది. అయితే కాంట్రాక్ట్ మనిషి పరిస్థితి ఇంతకంటే మెరుగని నేను చెప్పను. ఖర్చు తగ్గించుకోవాలనుకునే క్లయింట్ ముందు ఆపేది అతని పనే, దానికి చాలాసార్లు నోటీస్ పీరియడ్ కూడా ఉండదు. రెండు దారుల్లోనూ ఆదాయం ఒక్కసారిగా ఆగిపోవచ్చు. ఆగినప్పుడు 53,000 ఖర్చున్న ఇంటికి ఏడాది సమయం దొరికే డబ్బు, లక్షా ఇరవై వేల ఖర్చున్న ఇంటికి ఐదు నెలల చిల్లరే వస్తుంది.

సమయం మిగిలితే ఏం చేస్తాం అన్నదే నాకు ఇందులో అన్నిటికంటే ఇష్టమైన భాగం. రాజమండ్రికి దగ్గర్లో కడియం ఉంది. కడియపులంక, చుట్టుపక్కల ఊళ్ల నిండా నర్సరీలే. అక్కడి నుంచి దేశమంతా లారీల మీద మొక్కలు వెళ్తాయి. ఒక మధ్యస్థాయి నర్సరీ ఆయన తన లెక్కల గొడవ చెప్పుకున్నాడు. పెద్ద ఆర్డరు వస్తే మొక్కలన్నీ ఒక్కరి దగ్గర దొరకవు, చుట్టుపక్కల పదిమంది చిన్న రైతుల దగ్గర సేకరించి లోడ్ చేస్తారు. దూరప్రయాణంలో కొన్ని ఎండిపోతాయి. అక్కడ దించుకున్నవాళ్లు ఆ మేరకు డబ్బు తగ్గించి పంపుతారు. ఎండిపోయినవి ఎవరి మొక్కలు, ఎవరి లెక్కలో కోయాలి అన్నది ప్రతి లోడుకీ తగాదా. చివరికి నోరులేని చిన్న రైతు లెక్కలోనే పడుతుంది.

నేను ఫోన్‌లో వాడుకునేలా, తెలుగులో, చిన్న యాప్ రాశాను. లోడ్ చేసేటప్పుడే ఏ బ్యాచ్ ఎవరిదో ఫోటోతో నమోదవుతుంది, దించేటప్పుడు డ్రైవరు మళ్లీ ఫోటోలు తీస్తాడు. ఇందులో కొత్త టెక్నాలజీ ఏమీ లేదు. కష్టమంతా పని వేళ చూడటంలో ఉంది. ఎండలో స్క్రీన్ కనపడదు, చేతులకి మట్టి ఉంటుంది, సిగ్నల్ ఉండదు. అవన్నీ నర్సరీలో నిలబడి చూస్తేనే తెలిశాయి. ఆయన ఇచ్చిన డబ్బు హైదరాబాద్‌లో నా వారం బిల్లింగ్‌కి సమానం, నాకు పట్టింది అంతకంటే చాలా ఎక్కువ కాలం. లక్షా ఇరవై వేల నెలఖర్చుతో నేను ఆ పని ఒప్పుకోగలిగేవాణ్ని కాదు. ఇలాంటి పనులు మన జిల్లాల్లో లెక్కలేనన్ని ఉన్నాయి. రొయ్యల చెరువుల దగ్గర, మిర్చి యార్డుల్లో, పూతరేకులు కొరియర్ చేసే ఇళ్లలో. పెద్ద కంపెనీకి అవి గిట్టుబాటు కావు.

ఓపెన్ సోర్స్, అంటే ఎవరైనా ఉచితంగా వాడుకునేలా కోడ్‌ని బయట పెట్టే పని, దాని సంగతీ అంతే. 2014 ఏప్రిల్‌లో హార్ట్‌బ్లీడ్ అనే భద్రతా లోపం బయటపడినప్పుడు ప్రపంచానికి తెలిసింది, ఇంటర్నెట్‌లో చాలా వెబ్‌సైట్లు తమ సమాచారాన్ని భద్రంగా పంపడానికి ఆధారపడ్డ ఓపెన్‌ఎస్ఎస్ఎల్ అనే సాఫ్ట్‌వేర్‌ని పూర్తి సమయం చూసుకుంటున్నది ఒక్క మనిషేనని, ఆ ప్రాజెక్టుకి ఏడాదికి వచ్చే విరాళాలు రెండు వేల డాలర్ల దగ్గరేనని. లాభాలు తీసుకునే కంపెనీలు డబ్బివ్వాలి, అందులో రెండో మాట లేదు. కానీ అవి ఇచ్చేదాకా ఆ పని చేసేవాళ్లు తక్కువలో బతకగలిగిన వాళ్లే.

మా పాప ఇంటర్‌కి వచ్చేసరికి లెక్కలు మారతాయి. తను ఏం చదవాలనుకుంటుందో, ఎక్కడ చదవాలనుకుంటుందో చూడాలి, మా అమ్మానాన్నల వయసూ పెరుగుతుంది. అప్పుడు మళ్లీ హైదరాబాద్‌లో ఉద్యోగంలో చేరాల్సి వస్తే చేరతాను, నాకేమీ చిన్నతనం లేదు. రెజ్యూమేలో ఈ ఏళ్లు ఏమిటని హెచ్ఆర్ వాళ్లు అడిగితే కడియం యాప్ చూపిస్తాను. అద్దె ఇల్లు మాత్రం ఆఫీసుకి దగ్గర్లో, అవసరమైనంతదే తీసుకుంటాం. ఎంత వరకూ అద్దె పెట్టొచ్చో మేమిద్దరం ఇప్పుడే కాగితం మీద రాసి పెట్టుకున్నాం.